బెంగళూరులో 20 వేలకి ప్రాసెసర్, బోర్డు రెండూ మార్చాలి, పాత ర్యామ్ అలాగే ఉంచి

మున్నేకొలాల_గేమర్
2018లో కట్టించుకున్న సిస్టమ్ ఇంకా వాడుతున్నా. ఐ5-8400, బీ360 బోర్డు, 8+8 డీడీఆర్4 ర్యామ్, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). రెండు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో ఆర్టీఎక్స్ 3060 12 జీబీ మంచి రేటుకి దొరికితే తీసుకున్నా. ఇక ఆటకి ఢోకా లేదనుకున్నా. కౌంటర్ స్ట్రైక్ 2లో మామూలుగా సెకనుకి 130 దాకా ఫ్రేములు వస్తాయి, ఎవడో స్మోక్ వేసి నలుగురు ఒకచోట చేరారంటే 50కి దిగిపోతుంది. దిగడం కూడా నెమ్మదిగా కాదు, బొమ్మ ఠక్కున ఆగి మళ్ళీ కదులుతుంది. ఆ ఆగిన క్షణంలోనే అవతలివాడు కాల్చేస్తున్నాడు.

చేతిలో 20 వేలున్నాయి, లాగితే 21. అద్దె, ఊరికి పంపేవి పోను నాలుగు నెలలు దాచినవి. ఒకసారి పెట్టానంటే మళ్ళీ మూడు నాలుగేళ్ళు అటు చూడకూడదు. ర్యామ్ కొనే పరిస్థితి లేదు. ఏం తీసుకోమంటారు? ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపులకి వెళ్ళాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా?

సీమపిల్లోడు
రైజెన్ 5 5600, ఒక బీ550 బోర్డు. కత అయిపాయ. ఇంక ఆలోచించే పనే లేదప్పా.

ఓరుగల్లు_144
20 వేలు పెట్టి ఏఎం4 అనే సచ్చిపోయిన సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూసునే చోటు) ఎందుకన్నా? ఇంకో ఆరు నెలలు ఆగి కొత్త సాకెట్ ఏఎం5కి పో. 7500ఎఫ్ తీస్కుంటే రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. 2027 దాకా ఆ సాకెట్ నడిపిస్తమని ఏఎండీ వాళ్ళే చెప్పిన్రు కద.

గోదారోడు_బీటీఎం
ఏఎం5కి డీడీఆర్5 తప్ప ఇంకోటి ఎక్కదండీ. ఆయన ర్యామ్ కొనలేనని మొదట్లోనే చెప్పాడు కదా. 2025 చివర్లోంచి ర్యామ్ రేట్లు ఎలా పోతున్నాయో చూశారా? మెమరీ చేసేవాళ్ళంతా ఏఐ సర్వర్ల వైపు తిరిగిపోయారు. మైక్రాన్ వాళ్ళు క్రూషియల్ పేరు మీద మనలాంటోళ్ళకి అమ్మడమే మానేస్తున్నాం అని 2025 డిసెంబరులో ప్రకటించేశారు. ఇప్పుడు చేతిలో 16 జీబీ డీడీఆర్4 ఉందంటే అది బంగారమే, దాన్ని పారేసుకోకూడదు.

ఓరుగల్లు_144
అవునన్నా, ర్యామ్ మాట మర్చిపోయిన. మరి గట్లయితే డీడీఆర్4 బోర్డే.

ఫ్రేమ్‌లెక్కలు
కొనే ముందు ఒక అరగంట కేటాయించు తమ్ముడూ. ప్రాసెసరే అడ్డమని ఇంకా తేలలేదు. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని స్క్రీన్ మీద మూడు అంకెలు కనిపించేలా చేసుకో: గ్రాఫిక్స్ కార్డు వాడకం శాతం, ఒక్కో కోర్ వాడకం విడివిడిగా, ఫ్రేమ్ టైమ్ గీత. టాస్క్ మేనేజర్‌లో కనిపించే మొత్తం సీపీయూ శాతాన్ని నమ్మొద్దు. ఆటలో ప్రధానమైన పనంతా ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. ఆ కోర్ 100 దగ్గర ఉక్కిరిబిక్కిరి అవుతున్నా మిగతావి ఖాళీగా ఉంటే సగటు 60 చూపించి నిన్ను మోసం చేస్తుంది.

తర్వాత రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించి అదే మ్యాప్‌లో ఆడు. ఫ్రేములు పెరిగితే గ్రాఫిక్స్ కార్డు మీద భారం ఉన్నట్టు. ఒక్కటీ పెరగకపోతే అడ్డం ప్రాసెసర్ దగ్గరో ర్యామ్ దగ్గరో ఉన్నట్టు. సీపీయూ-జడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి చానల్ దగ్గర ఏముందో కూడా చూసి చెప్పు. ఇవి చూడకుండా 20 వేలు తీయొద్దు.

పెసరట్టు_ఉప్మా
ఇది తప్పకుండా చెయ్యి బాబూ. మా ఇంట్లో ప్రాసెసర్ మార్చాక తెలిసింది, అసలు గొడవ కూలర్ లోపల పేరుకున్న దుమ్ముది. రోడ్డు పక్క ఇల్లు, కిటికీ తీస్తే చాలు క్యాబినెట్‌లో దుమ్ము. వేడెక్కి స్పీడు తగ్గించుకుంటోంది పాపం అది.

మున్నేకొలాల_గేమర్
చూశానన్నా. గ్రాఫిక్స్ కార్డు 50, 55 దగ్గరే తిరుగుతోంది. ఆరు కోర్లలో నాలుగు 95 పైన. 720కి దించినా ఒకటి రెండు ఫ్రేములే తేడా. వేడి 70 దాటలేదు, అక్కా, దుమ్ము కూడా దులిపా.

కానీ చానల్ దగ్గర సింగిల్ అని ఉంది. నావి రెండు స్టిక్కులు కదా?

ఫ్రేమ్‌లెక్కలు
రెండూ పక్కపక్కన పెట్టావు కదూ? క్యాబినెట్ తెరిచి చూడు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. ఒకటి, రెండు స్లాట్లలో పెడితే రెండు స్టిక్కులూ ఒకే దారిలో పోతాయి. రెండు లైన్ల రోడ్డు పక్కన ఉండగా బండ్లన్నీ ఒకే లైన్‌లో నిలబడ్డట్టు.

నిశ్శబ్ద_ఫ్యాన్
సిల్క్ బోర్డ్ జంక్షన్ లాగా.

మున్నేకొలాల_గేమర్
నిజంగానే పక్కపక్కన ఉన్నాయి! 2018లో కట్టిన షాపువాడు ఎలా పెట్టాడో అలాగే ఉంది. ఏడేళ్ళకి పైగా సగం దారిలోనే నడిపానన్నమాట. ఇప్పుడు రెండు, నాలుగులోకి మార్చా. క్లిప్పు రెండు వైపులా టక్ మని పడేదాకా నొక్కాను. ఇప్పుడు డ్యుయల్ చూపిస్తోంది. అట్టడుగు 50 నుంచి 70 దాకా లేచింది, సగటు 150. బొమ్మ ఆగడం తగ్గింది, పోలేదు. స్మోక్‌లో ఇంకా తెలుస్తోంది.

గోదారోడు_బీటీఎం
అదిగో, పైసా ఖర్చు లేకుండా ఇరవై ఫ్రేములు.

ఫ్రేమ్‌లెక్కలు
మిగతాది ప్రాసెసరే, సందేహం లేదు. 8400 అంటే 2017 అక్టోబరులో వచ్చిన చిప్పు. ఆరు కోర్లు, ఆరే థ్రెడ్లు, ఒక్కో కోర్‌తో రెండేసి పనులు చేయించే హైపర్‌థ్రెడింగ్ లేదు. ఆట ఆరింటినీ తినేస్తే వెనక డిస్కార్డ్, బ్రౌజర్, యాంటీచీట్‌కి చోటుండదు. అందుకే ఆగి ఆగి నడుస్తోంది. ఇంకో మాట, నీ ర్యామ్ మీద ఎంత స్పీడు రాసి ఉంది?

మున్నేకొలాల_గేమర్
స్టిక్కర్ మీద 3200. సీపీయూ-జడ్‌లో 1333 అని ఉంది.

ఫ్రేమ్‌లెక్కలు
1333ని రెండుతో గుణించు, 2666. బీ360 బోర్డు అంతకు మించి పోనివ్వదు, అది దాని హద్దు. కొత్త బోర్డులో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తే ఇవే స్టిక్కులు 3200లో నడుస్తాయి. ర్యామ్ కొనకుండానే ఇంకొంచెం కలిసొస్తుంది.

రిచీస్ట్రీట్_రాజు
బోర్డు మార్చకుండా ఐ7-8700 సెకండ్ హ్యాండ్‌లో వేసుకుంటే? అదే సాకెట్, ఆరు కోర్లు పన్నెండు థ్రెడ్లు. ఇక్కడ చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత ఆఫీసు మెషిన్లు విప్పి అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతాయి. నేను మొన్న కత్తిరి ఎండల్లో మౌంట్ రోడ్ నుంచి నడిచి వెళ్ళి మరీ ఒకటి తెచ్చుకున్నా, బాగానే నడుస్తోంది. సగం డబ్బు మిగులుతుంది.

ఫ్రేమ్‌లెక్కలు
రాజు గారి మాట కొట్టిపారేసేది కాదు. ఆగడం తగ్గుతుంది. కానీ ఒక్కో కోర్ బలం మాత్రం 8400కి కాస్త అటూ ఇటూ అంతే. వారంటీ ఉండదు. మూడు నాలుగేళ్ళు అటు చూడకూడదన్నాడు కాబట్టి నేనైతే వద్దంటాను. ఒక ఏడాది నెట్టుకొస్తే చాలు అనేవాళ్ళకి అది మంచి దారే.

సీమపిల్లోడు
నేను మొదట్లోనే చెప్తి, 5600. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాషే (చిప్పు లోపలి మెమరీ), 65 వాట్లు, డబ్బాలోనే కూలర్. రెండేండ్లుగా నాది అదే, ఒక్కనాడు ఏడిపించలేదు. షాపులో 5500 అంటగట్టబోతారు, ఒప్పుకోవాకు. పేరులో నూరే తేడా, క్యాషే సగానికి సగం, 16 ఎంబీనే. గ్రాఫిక్స్ కార్డుకి పోయే దారి, పీసీఐఈ, అది కూడా పాత 3.0నే.

గోదారోడు_బీటీఎం
నేను ఐ5-12400ఎఫ్ అంటానండీ. అదీ ఆరు కోర్లు పన్నెండు థ్రెడ్లే, ఆటల్లో 5600కి ఇంచుమించు సమానం. కానీ ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ బోర్డు తీసుకుంటే రేపెప్పుడో 13, 14 తరం ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్‌లో వేసుకోవచ్చు. ఏఎం4లో పైకి ఎక్కాలంటే 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీ. వాటి తయారీ ఆపేశారు, కొత్తవి దొరకడం గగనం, పాతవాటికి చెప్పే రేట్లు వింటే కళ్ళు తిరుగుతాయి.

సీమపిల్లోడు
13, 14 తరాలు కాలిపోతాండాయని లోకమంతా కోడై కూసింది కదప్పా. ఆ తలనొప్పి ఎవురికి కావల్ల?

గోదారోడు_బీటీఎం
ఆ గొడవ వచ్చింది పై రకాల్లోనండీ, 65 వాట్లు, ఆ పైవాటిలో. వోల్టేజీ ఎక్కువ పోయి చిప్పులు పాడయ్యాయి. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో దాన్ని సరిదిద్దే మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చారు. 12వ తరానికి ఆ జబ్బే లేదు. సెకండ్ హ్యాండ్ 13వ తరం కొనేటప్పుడు మాత్రం మీరన్నది గుర్తుపెట్టుకోవాల్సిందే, బయోస్ అప్‌డేట్ కాకముందు ఎన్నాళ్ళు నడిచిందో మనకి తెలీదు కదా.

ఓరుగల్లు_144
12400ఎఫ్‌తో హెచ్610 బోర్డు తీస్కుంటే మూడు వేలు మిగులుతయ్. నాది గదే.

ఫ్రేమ్‌లెక్కలు
12400ఎఫ్ ఒక్కదానికే అయితే హెచ్610 సరిపోతుంది, తప్పేం లేదు. కానీ ర్యామ్ స్లాట్లు రెండే. రేపు ఇంకో జత వేయాలంటే ఉన్నవి తీసి పక్కన పెట్టాలి. ఈ రేట్లలో అది నష్టం. పైగా చాలా హెచ్610 బోర్డుల్లో ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం మీద హీట్‌సింక్ కూడా ఉండదు. గోదారోడు చెప్పినట్టు రేపు పెద్ద చిప్పు వేద్దామంటే అక్కడే ఇరుక్కుంటావు. బీ660 గానీ బీ760 గానీ, నాలుగు స్లాట్లు, హీట్‌సింక్ ఉన్నది చూడు.

ఒక్కటి మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకో. బీ760లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి, పేర్లు అచ్చం ఒకేలా ఉంటాయి. డబ్బా మీద పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో ఉండాలి. రెండు రకాల స్టిక్కులకీ పిన్నులు 288 చొప్పునే, కానీ మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది. పొరపాటు బోర్డు తెచ్చుకుంటే నీ ర్యామ్ దిగదు, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది.

పెసరట్టు_ఉప్మా
పిన్నుల మాట వచ్చింది కాబట్టి నాకు జరిగింది చెప్తాను. పోయిన సంవత్సరం మా వారి రైజెన్ మారుద్దామని కూర్చున్నా. కూలర్ స్క్రూలు విప్పి పైకి లాగాను. కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేసింది, సాకెట్ లాక్ వేసి ఉండగానే! కింద థర్మల్ పేస్ట్ ఎండి బంకలా పట్టేసింది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి కదా, మూల మీద ఒక వరసలో నాలుగు వంగిపోయాయి. చేతులు వణికాయి నాకు. పిల్లలు పడుకున్నాక టేబుల్ లైటు కింద కూర్చుని, సీసం తీసేసిన మెకానికల్ పెన్సిల్ మూతి ఒక్కో పిన్నుకి తొడిగి, వెంట్రుకవాసి వెంట్రుకవాసి లేపాను. గంటన్నర పట్టింది. మళ్ళీ పనిచేసింది.

మీలో ఎవరైనా ఏఎం4 విప్పితే ముందు ఒక పావుగంట ఆట నడిపి వేడెక్కనివ్వండి. ఆపేసి ప్లగ్గు తీశాక, కూలర్‌ని పైకి లాగకుండా కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పేస్ట్ వదిలాకే ఎత్తండి.

సీమపిల్లోడు
అక్కా, నాలుగు పిన్నులు సరిజేసినావంటే నీ చేతికి దండం పెట్టాల్సిందే.

రిచీస్ట్రీట్_రాజు
ఇంటెల్‌లో పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, అవి వంగితే ఇంకా కష్టం. మా స్నేహితుడు బోర్డు కొన్న మూడో రోజు డిస్‌ప్లే రాలేదని వెనక్కి తీసుకెళ్తే, షాపువాడు సాకెట్ చూసి "పిన్ను వంగింది, మీరే వంచారు" అన్నాడు. కాదనడానికి వాడి దగ్గర ఏమీ లేదు. కాబట్టి షాపులోనే డబ్బా విప్పించి, ప్లాస్టిక్ మూత తీయించి, సాకెట్‌ని ఫోన్‌లో దగ్గరగా ఫోటో తీసుకోండి. లైటు ఏటవాలుగా పడితే వంగిన పిన్ను మిగతావాటికన్నా వేరేగా మెరుస్తుంది. ఆ మూత పారేయొద్దు, వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే తీసుకోరు.

మున్నేకొలాల_గేమర్
అక్క కథ చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి. శనివారం ఎస్పీ రోడ్డుకి వెళ్తున్నా. బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తారట, నిజమేనా?

గోదారోడు_బీటీఎం
తగ్గిస్తారు, తీసుకోకండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. డబ్బా ప్రాసెసర్‌కి కంపెనీ వారంటీ మూడేళ్ళు. ట్రే ముక్క అని డబ్బా లేకుండా ఇస్తారు, దానికి షాపువాడి మాటే వారంటీ, కూలర్ కూడా రాదు. మీ పాత కూలర్ కూడా ఎల్‌జీఏ1700కి కూర్చోదు, రంధ్రాల దూరం వేరు.

కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్కపేటలో దిగండి, అక్కడ్నుంచి నడకే. బండి వేసుకెళ్తే పార్కింగ్‌కే పూట గడిచిపోతుంది. మొదటి షాపులో కొనేయకండి. నాలుగైదు చోట్ల రెండూ కలిపి ఎంతని అడగండి, విడివిడిగా కాదు. "స్వల్ప కమ్మి మాడి" అని నవ్వుతూ అడిగితే ఎంతో కొంత దిగుతారు.

ఫ్రేమ్‌లెక్కలు
వెళ్ళే ముందు ఇంట్లో రెండు పనులు చేసుకో. ఒకటి, విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే ఆ తాళం తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో. బోర్డు మారితే ఆ తాళాన్ని గుర్తుంచుకునే టీపీఎం భాగం కూడా మారుతుంది, మొదటిసారి ఆన్ చేయగానే 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డ్రైవ్‌లోవన్నీ పోయినట్టే. రెండు, విండోస్ లైసెన్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలుపు. కొత్త బోర్డు చూసి యాక్టివేషన్ పోతే అక్కడ్నుంచి మళ్ళీ తెచ్చుకోవచ్చు. సిస్టమ్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే పాత బోర్డుతోనే పోతుంది, దానికి సిద్ధంగా ఉండు.

నిశ్శబ్ద_ఫ్యాన్
ఎస్ఎంపీఎస్ మాట ఎవరూ ఎత్తలేదు. 2018ది. మారిస్తే మంచిది కదా?

ఫ్రేమ్‌లెక్కలు
3060 తాగేది 170 వాట్లు, ఎన్విడియా అడిగేది 550. 12400ఎఫ్ గట్టిగా లాగినా 117. వాట్లు సరిపోతాయి. వయసు సంగతి నిజమే, కానీ ఈ బడ్జెట్‌లో ఇప్పుడు కాదు. తర్వాత డబ్బు చేరగానే మొదట అదే మార్చు తమ్ముడూ.

నిశ్శబ్ద_ఫ్యాన్
నేనైతే ముందు అదే మారుస్తాను. అది పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోతుంది.

మున్నేకొలాల_గేమర్
వచ్చేశా. తెల్లవారుజామున రెండున్నర అయింది, నిద్ర పట్టడం లేదు, రాసేస్తున్నా.

ఆరు షాపులు తిరిగా. సీమ అన్నా, నీ మాట మీద ముందు 5600, బీ550 అడిగా. మూడు చోట్ల 5600 లేదు, 5500 తీసుకోమన్నారు. నువ్వు చెప్పబట్టి సరిపోయింది. నాలుగో చోట 5600 ఉంది గానీ బీ550 లేదు, పాత స్టాకు ఏ520 చూపించాడు. ఐదో షాపులో 12400ఎఫ్ డబ్బా ముక్క, బీ760 డీడీఆర్4 నాలుగు స్లాట్లది కలిపి 21,300 అన్నాడు. ఆరో షాపుకి వెళ్ళి వెనక్కొచ్చి "స్వల్ప కమ్మి మాడి" అన్నా. ఆయన నవ్వి "మీది ఆంధ్రానా" అని తెలుగులో అడిగాడు. 20,700కి ఇచ్చాడు, బిల్లుతో. సాకెట్ ఫోటో తీసుకున్నా, మూత జేబులో వేసుకున్నా.

ఇంటికొచ్చి రాత్రి తొమ్మిదికి మొదలెట్టా. అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ నల్లగా ఉంది. గుండె జారిపోయింది. అరగంట ర్యామ్ తీయడం పెట్టడం, గ్రాఫిక్స్ కార్డు తీయడం పెట్టడం. బోర్డు మూలన చిన్న ఎర్ర లైటు సీపీయూ అన్న అక్షరాల పక్కన వెలుగుతోంది. అప్పుడు గమనించా, పైన ఎడమ మూల 8 పిన్నుల సీపీయూ కరెంటు వైరు పెట్టనేలేదు! అది క్యాబినెట్ వెనక నుంచే రావాలి, ఇరుకు, చెయ్యి దూరదు. మళ్ళీ బోర్డు స్క్రూలు సగం విప్పి దూర్చా.

బిట్‌లాకర్ కీ అడిగింది, కాగితం చేతిలోనే ఉంది. ఫ్రేమ్ అన్నా, ఆ ఒక్క మాటకే నీకు రుణపడిపోయా, మా అమ్మానాన్నల పెళ్ళి ఫోటోలు స్కాన్ చేసినవన్నీ ఆ డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేశా, 3200 వచ్చింది. అదే మ్యాప్, అదే సెట్టింగ్స్: సగటు 220 పైన, నలుగురు స్మోక్‌లో ఉన్నా 110 కిందకి రాలేదు. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు 90 దాకా పనిచేస్తోంది. బొమ్మ ఆగడం లేదు. ఒక్కసారి కూడా ఆగలేదు.

సీమపిల్లోడు
5600 దొరికుంటే ఇంకో రెండు వేలు మిగిలుండేవి అనే నా మాట. కానీ నీ రాత చదివితే కడుపు నిండిపాయ తమ్ముడా. ఆడుకో పో.

పెసరట్టు_ఉప్మా
పెళ్ళి ఫోటోలు ఇంకో చోట కూడా కాపీ పెట్టు బాబూ, రేపే.

ఓరుగల్లు_144
పాత 8400, బోర్డు ఏం చేస్తవన్నా? అమ్ముతే చెప్పు, మా తమ్ముడు హైదరాబాద్ల డిగ్రీ చదువుతుండు, వానికి సిస్టమ్ లేదు. విండోస్ 11 ఎక్కుతదా దాని మీద?

మున్నేకొలాల_గేమర్
ఎక్కుతుంది, నేను 11 వాడింది దాని మీదే. 8వ తరం నుంచి మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా డిస్‌ప్లే వస్తుంది. వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నా, బస్సులో చేతుల్లో పెట్టుకుని తెచ్చిస్తా. రేటు మాట్లాడుకుందాం, చదువుకునే పిల్లాడు కాబట్టి ఎక్కువ అడగను. కూలర్ కూడా ఇస్తా.

రిచీస్ట్రీట్_రాజు
క్యాబినెట్ వెనక బిగించే రేకు ముక్క, ఐఓ షీల్డ్, అది మాత్రం మర్చిపోకుండా తీసి ఇవ్వండి. పాత బోర్డుకి మళ్ళీ అది ఎక్కడా దొరకదు.

మున్నేకొలాల_గేమర్
ఇప్పుడే వెతికా. చెత్తబుట్టలో కొత్త బోర్డు అట్టల కింద ఉంది. తీసి తుడిచి డబ్బాలో పెట్టేశా.